పోర్తో నుంచి శాంటియాగోకు సముద్రం ఒడ్డున పాదయాత్ర: హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు

ఈ దారి పోర్చుగల్‌లోని పోర్తో ప్రధానాలయం ముందు మొదలవుతుంది. అట్లాంటిక్ ఒడ్డు పట్టుకుని ఉత్తరానికి సాగి, మిన్యో నది దాటి స్పెయిన్‌లోకి వెళ్లి, శాంటియాగో దె కొంపొస్తెలాలో పునీత యాకోబు సమాధి దగ్గర ముగుస్తుంది. మొత్తం సుమారు 270 కిలోమీటర్లు. మామూలుగా నడిచేవాళ్లకు 12 నుంచి 14 రోజులు పడుతుంది. యాకోబు జెబెదాయి కొడుకు, గలిలయ జాలరి. హేరోదు ఆయన్ని కత్తితో చంపించాడని అపొస్తలుల కార్యాలు 12వ అధ్యాయం చెబుతుంది. ఆయన భౌతికకాయం పడవలో ఈ తీరానికి చేరిందన్నది అక్కడి ప్రజల సంప్రదాయం. అందుకే జాలరి అపొస్తలుడి దగ్గరికి సముద్రం పక్కనే నడిచి వెళ్లే ఈ దారి మనసుకు బాగా దగ్గరవుతుంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. చాలామంది రోజుకు ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్కతోనే ప్రణాళిక వేసుకుంటారు. అలా వెళ్తే దారిలోని చర్చిల్లో సగానికి సగం తాళం వేసిన తలుపులే కనిపిస్తాయి. చిన్న ఊళ్లలో చర్చి తెరిచేది ఎక్కువగా పూజ వేళకే, అదీ సాయంత్రమే. మధ్యాహ్నం ఆ ఊరు దాటేస్తే మళ్లీ చూడలేరు. కాబట్టి ముందు ఏ ఊళ్లో సాయంత్రం ఉండాలో తేల్చుకోండి, కిలోమీటర్లు ఆ తర్వాత సర్దుకోవచ్చు. ఉదయం ఆరున్నరకు బయల్దేరి రెండింటికల్లా ఊరు చేరాలి. స్నానం చేసి, బట్టలు ఉతికి ఆరేసి, గంట పడుకుని లేస్తే సాయంత్రం పూజకు హాయిగా వెళ్లొచ్చు. రోజుకు 20 నుంచి 25 కిలోమీటర్లు దాటితే ఇది కుదరదు.

ఎప్పుడు వెళ్లాలి, ఏ వీసా తీసుకోవాలి

మే, జూన్ మొదటి సగం, సెప్టెంబరు మంచి నెలలు. జులై, ఆగస్టుల్లో తీరమంతా సెలవులకు వచ్చినవాళ్లతో కిక్కిరిసి ఉంటుంది, పడక దొరకడం కష్టం. చలికాలంలో శాంటియాగో ఉన్న గలీసియా ప్రాంతంలో రోజుల తరబడి వాన కురుస్తుంది. జులై 25, అంటే పునీత యాకోబు పండుగ, ఆదివారం వచ్చిన ఏడాది అక్కడ పవిత్ర సంవత్సరం. ఈసారి అది 2027. ఆ ఏడాది శాంటియాగో ప్రధానాలయం పవిత్ర ద్వారం తెరిచి ఉంటుంది. అది భాగ్యమే, కానీ జనం మామూలు కంటే బాగా ఎక్కువగా వస్తారు. అప్పుడు వెళ్లాలనుకుంటే గదులు నెలల ముందే చూసుకోండి.

ఈ రెండు దేశాలకూ ఒక్కటే చెల్లే షెంగెన్ వీసా దగ్గర మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ఒకచోట. దిగేది పోర్చుగల్‌లో కాబట్టి పోర్చుగల్ వీసా అనుకుంటారు. నియమం అది కాదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది. ఈ దారిలో కమిన్యా దాకా పోర్చుగల్‌లో ఆరేడు రాత్రులు పడితే, నది దాటాక స్పెయిన్‌లో ఎనిమిదో తొమ్మిదో పడతాయి. అంటే స్పెయిన్ వీసా. లిస్బన్‌లో మూడు రోజులు, మరియమాత పుణ్యక్షేత్రం ఫాతిమాలో ఒక రోజు కలుపుకుంటే లెక్క తారుమారై పోర్చుగల్‌కు మారుతుంది. రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టాకే ఫారం నింపండి.

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. వేసవి సెలవుల ముందు స్లాట్లు త్వరగా అయిపోతాయి. అందుకే మే ప్రయాణానికి జనవరి, ఫిబ్రవరిలోనే కదలండి. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం ఛార్జీ దీనికి అదనం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. తిరిగొచ్చే తేదీ తర్వాత పాస్‌పోర్టుకు ఇంకా 3 నెలల గడువు ఉండాలి. ఇంకో చిక్కు ఉంది. యాత్రికుల ప్రభుత్వ వసతి గృహాల్లో ముందస్తు బుకింగ్ ఉండదు, ముందొచ్చినవాళ్లకు ముందు పడక. వీసా ఫైలుకేమో ప్రతి రాత్రికీ బుకింగ్ చూపించాలి. రద్దు చేసుకునే వీలున్న ప్రైవేటు గదులు తీసుకుని చూపించడమే దీనికి మార్గం.

హైదరాబాద్‌లో పది వారాల సాధన

దారిలో వచ్చే వీగో నగరం నుంచి శాంటియాగోకు 100 కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కణ్నుంచి మెదక్ చర్చికి ఉన్న దూరమే. బస్సులో రెండున్నర గంటల మాటగా కనిపించే ఆ దూరాన్ని అయిదు రోజులు వరసగా నడవాలి. అసలు పరీక్ష దూరం కాదు, వరస. ఆదివారం ఒక్కరోజు 25 కిలోమీటర్లు నడవగలిగినంత మాత్రాన సరిపోదు. సోమవారం పొద్దున్నే లేచి అదే కాళ్లతో మళ్లీ 20 నడవగలగాలి.

మొదటి నాలుగు వారాలు వారానికి నాలుగు రోజులు, రోజుకు 6 నుంచి 8 కిలోమీటర్లు నడవండి. నెక్లెస్ రోడ్డు, కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న నడకదారి చాలు. అయిదో వారం నుంచి బ్యాగు వేసుకోవాలి. మొదట 3 కిలోలు, తర్వాత అసలు బరువు. ఏడో వారం నుంచి శని, ఆదివారాలు జంటగా నడవండి, శనివారం 18 అయితే ఆదివారం 15. నెలకు రెండుసార్లు గోల్కొండ మెట్లెక్కి దిగండి. ఎక్కడం కంటే దిగడమే ముఖ్యం, మోకాళ్లకు దెబ్బ తగిలేది దిగేటప్పుడే. కోటలోని రాళ్ల బాట ఇంకో విధంగానూ పనికొస్తుంది. పోర్చుగల్ ఊళ్లలో వీధులన్నీ చిన్న గ్రానైటు రాళ్లు పరిచినవి, తారు రోడ్డు మీద మాత్రమే నడిచిన పాదం వాటి మీద సాయంత్రానికి మంటలెత్తిపోతుంది. ఒకసారి వికారాబాద్ వెళ్లి అనంతగిరి అడవిలో మట్టిదారి మీద కూడా నడిచి చూడండి.

బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పుడు పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. యాత్రలో వేసుకోబోయే సాక్సులతోనే వేసి చూడాలి. బొటనవేలి ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. మామూలుగా 8 వేసేవాళ్లకు 9 పట్టినా ఆశ్చర్యపోవద్దు. చీలమండ దాకా వచ్చే బరువైన బూట్లు ఈ దారికి అక్కర్లేదు. తేలికైన ట్రెయిల్ బూట్లు చాలు, కనీసం 100 కిలోమీటర్లు వాడి మెత్తబడ్డాకే విమానం ఎక్కండి.

బ్యాగు

బరువు మీ ఒంటి బరువులో పదోవంతు దాటకూడదు. 60 కిలోలుంటే 6 కిలోలు, నీళ్లతో కలిపి. ఒంటి మీద ఒక జత, సంచిలో రెండు. త్వరగా ఆరే చొక్కాలు, ప్యాంట్లు తీసుకోండి, జీన్సు ముట్టుకోవద్దు. మూడు జతల ఊలు కలిసిన సాక్సులు, వాన కోటు, గాలి ఆపే పల్చటి జాకెట్, పల్చటి స్లీపింగ్ బ్యాగు, గదిలో వేసుకోవడానికి చెప్పులు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు. ఒకే హాల్లో ఇరవై మంది పడుకునే చోట ప్లగ్గులు లేకపోతే నిద్ర ఉండదు. స్పాంజిలా నీళ్లు పీల్చే ఖరీదైన తువ్వాళ్లు కొనక్కర్లేదు. మన చేనేత తువ్వాలు వాటి కంటే తేలిక, గంటలో ఆరిపోతుంది, ఎండలో తలకు చుట్టుకోవచ్చు.

చేతికర్రలు విమానం క్యాబిన్‌లోకి రానివ్వరు. చెక్-ఇన్ సామానులో వేయండి, లేదంటే పోర్తోలో కొనుక్కోండి. కర్రల కొసకు రబ్బరు టోపీలు తప్పనిసరి. ఈ తీరం మీద చాలా దూరం చెక్క పలకల బాట ఉంటుంది. టోపీ లేని ఇనుప మొన రెండు పలకల మధ్య సందులో ఇరుక్కుంటుంది. కాలు ముందుకు పోతుంటే కర్ర వెనక ఉండిపోతుంది, అప్పుడు మణికట్టు మెలికపడి మనిషి పక్కకు పడతాడు. మంచు పడిన ఉదయాల్లో ఆ పలకలు సబ్బు రాసినట్టు జారతాయి. తొమ్మిది దాకా అడుగులు చిన్నవిగా వేయండి.

మందులు అసలు ప్యాకింగ్‌లోనే ఉండాలి, డాక్టరు చీటీ వెంట ఉండాలి. షుగరు ఉన్నవాళ్లు రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు వెలుతుర్లో చూసుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ లేచినా తెలియదు. బయల్దేరే ముందే మీ డాక్టరుతో మాట్లాడండి.

మిఠాయిలు, నెయ్యి, పాలకోవా పెట్టుకోవద్దు. ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం నిషేధం. పచ్చి కరివేపాకూ అంతే. కందిపొడి ఒక పావుకిలో బాగా సీలు చేసి పెట్టుకుంటే అన్నం దొరికిన ప్రతిచోటా పనికొస్తుంది. ఆవకాయ వద్దు. నూనె ఒక్క చుక్క కారినా స్లీపింగ్ బ్యాగు యాత్రంతా ఆవవాసనే.

దారి

పోర్తో ప్రధానాలయంలో యాత్రికుల పుస్తకం తీసుకోండి, ఖరీదు రెండు యూరోల పైమాటే. వసతి గృహాల్లో, చర్చిల్లో, కాఫీ హోటళ్లలో ఇందులో ముద్ర వేస్తారు. పోర్చుగల్‌లో రోజుకు ఒక ముద్ర చాలు. చివరి 100 కిలోమీటర్లలో మాత్రం రోజుకు రెండు ఉండాలి, తేదీతో సహా. పసుపు బాణాలు శాంటియాగో వైపు. నీలం బాణం కనిపిస్తే దాని వెంట వెళ్లొద్దు, అది దక్షిణాన ఉన్న ఫాతిమాకు దారి.

రెండు దారులుంటాయి. ఒకటి పూర్తిగా నీటి అంచున, ఇంకొకటి కొంచెం లోపలి ఊళ్ల మీదుగా. నీటి అంచు దారిలో బాణాలు తక్కువ, అయినా భయం లేదు. సముద్రం ఎడమచేతి వైపు ఉంటే దారిలోనే ఉన్నట్టు. అడ్డొచ్చేవి నదులు. ప్రతి నదీ ముఖం దగ్గర లోపలికి తిరిగి వంతెన పట్టుకోవాలి. మతొజీన్యోస్‌లో లేసా, విలా దో కోందెలో ఆవె, ఫావ్‌లో కవాదో, వియానాలో లీమా. బీచి చివరిదాకా వెళ్లి వెనక్కి రావడంలో ప్రతిసారీ రెండు మూడు కిలోమీటర్లు వృథా అవుతాయి.

మొదటిరోజు ప్రధానాలయం నుంచి విలా దో కోందె దాకా 33 కిలోమీటర్లు, మొదటిరోజుకు అది చాలా ఎక్కువ. పోర్తో నుంచి మతొజీన్యోస్ దాకా మెట్రోలో వెళ్లి అక్కణ్నుంచి నడిస్తే 22 పైచిలుకు మిగులుతుంది. లేసా దాటాక బోవా నోవా లైట్‌హౌసు, దాని పక్కన రాళ్ల మీద చిన్న చాపెల్ వస్తాయి. మెమోరియా బీచిలో నిలువెత్తు రాతి స్తంభం కనిపిస్తుంది, 1832లో పోర్చుగల్ మాజీ రాజు నాలుగో పెద్రో సైన్యం ఓడలు దిగింది ఆ ఒడ్డునే. లాబ్రూజె దగ్గర సాన్ పాయియో అనే రాతి దిబ్బ మీద రోమన్ల ముందునాటి ఊరి ఆనవాళ్లున్నాయి, పలకల బాట దాని పక్కగానే పోతుంది.

ఇక గాలి సంగతి. వేసవిలో మధ్యాహ్నం ఉత్తరపు గాలి లేస్తుంది, అక్కడివాళ్లు దాన్ని నొర్తాదా అంటారు. మీరు నడిచేది ఉత్తరానికే కాబట్టి గాలి ముఖం మీదికే కొడుతుంది. ఎండేమో వీపు మీద. చల్లగా ఉందిలే అని తిరుగుతుంటే సాయంత్రానికి మెడ వెనక, పిక్కల వెనక చర్మం కమిలిపోయి ఉంటుంది. హైదరాబాద్ ఎండ మాడుతుందని తెలుస్తుంది కాబట్టి నీడకు పోతాం, ఇక్కడి ఎండ తెలియనివ్వదు. సన్‌స్క్రీన్ మెడ వెనక, చెవుల మీద, పిక్కల మీద రెండుగంటలకోసారి రాసుకోండి. పొద్దున్నే బయల్దేరమనడానికి ఇదొక కారణం కూడా, గాలి లేవకముందే ముప్పాతిక దూరం అయిపోవాలి.

ఎస్పొజెందె నుంచి వియానా రోజున దారి సముద్రం వదిలి పొలాల్లోకి, యూకలిప్టస్ తోటల్లోకి వెళ్తుంది. నెయివా ఏటిని రాతి పలకల మీద దాటాలి, వాన పడ్డ మర్నాడు జాగ్రత్త. దాటాక గుట్ట మీద కాస్తెలో దో నెయివా చర్చి, పునీత యాకోబు పేరు మీదున్నదే. అక్కడి శాసనం ప్రకారం 862లో ప్రతిష్ఠించారు. ఎక్కడా ఆగకపోయినా ఇక్కడ పావుగంట ఆగండి. వియానాలోకి లీమా నది మీద 1878 నాటి ఇనుప వంతెన దాటి వెళ్తారు, ఐఫెల్ సంస్థ కట్టినది. పాదచారుల బాట ఇరుకు, బ్యాగుతో ఇద్దరు పక్కపక్కన పట్టరు. వియానాలో రెండు రాత్రులు ఉండటం మంచిది. కొండమీద సాంతా లుజియా ఆలయానికి 1923లో మొదలైన చిన్న రైలు ఉంది, కాళ్లకు ఆ రోజు సెలవు. రేవులో జిల్ ఎయానెస్ అనే ఓడ నిలిపి ఉంటుంది. కాడ్ చేపల వేటకు వెళ్లిన జాలర్లకు అది సముద్రం మీద ఆసుపత్రి, ఇప్పుడు మ్యూజియం.

కమిన్యాలో మిన్యో నది, అవతలి గట్టు స్పెయిన్. చిన్న మోటారు పడవలు దాటిస్తాయి, మనిషికి ఆరేడు యూరోలు. గాలి ఎక్కువున్నా, పొగమంచు కమ్మినా కదలవు. ముందురోజు సాయంత్రమే ఫోనులో మాట్లాడి మొదటి పడవ ఖాయం చేసుకోండి. పడవ లేకపోతే కూర్చుని ఎదురుచూడటం కంటే నది వెంట లోపలికి వలెన్సా వెళ్లి, వంతెన మీద తూయి చేరి, రెదొందేలాలో ఈ దారినే కలుసుకోవచ్చు. చాలామందిని దెబ్బతీసేది పడవ కాదు, గడియారం. స్పెయిన్ సమయం గంట ముందుంటుంది. ఇక్కడ పదింటికి పడవెక్కితే అక్కడ దిగేసరికి పదకొండు దాటి ఉంటుంది. మీరు ఒంటిగంట అనుకున్న వేళకు అక్కడ రెండు, వసతి గృహంలో పడకలు నిండుతుంటాయి. ఆ రోజు దూరం తగ్గించి, అవతలి గట్టున ఉన్న ‘ఆ గ్వార్దా’ అనే ఊరి నుంచి 13 కిలోమీటర్ల దగ్గర ఓయాలో ఆగండి.

ఓయా చిన్న ఊరు. సిస్టర్సియన్ సన్యాసులు 12వ శతాబ్దంలో కట్టుకున్న మఠం సముద్రానికి ఎదురుగా, అలల తుంపర గోడల మీద పడేంత దగ్గరలో ఉంటుంది. ఆ గ్వార్దాలో ఓపిక ఉంటే 341 మీటర్ల సాంతా త్రేగా కొండ ఎక్కండి. రెండు వేల ఏళ్ల కిందటి గుండ్రటి రాతి ఇళ్ల పునాదులు ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తాయి, మధ్యలోని సందులు మనిషి భుజాల వెడల్పే.

బయోనా రేవుకు 1493 మార్చి 1న కొలంబస్ బృందంలోని పింతా ఓడ వచ్చి అమెరికా వార్త చెప్పింది. కోట గోడ మీద నడవొచ్చు. వీగో పెద్ద నగరం, ఫర్లాంగుల కొద్దీ ఫ్యాక్టరీ గోడలు ఉంటాయి. సముద్రం అంచు దారి పట్టుకుంటే కొంత నయం. రెదొందేలాలో వలెన్సా, తూయి మీదుగా వచ్చే మధ్య దారివాళ్లు కలుస్తారు, అక్కణ్నుంచి జనం రెట్టింపు. అందుకే ఆ తర్వాత నుంచి పడకలు ముందే చూసుకోండి. పొంతెవెద్రాలో పెరెగ్రీనా చర్చి నేలపటం ఆల్చిప్ప ఆకారంలో ఉంటుంది, 18వ శతాబ్దపు కట్టడం. కాల్దస్ దె రేయిస్‌లో వేడినీటి ఊటలో కాళ్లు పెట్టుకోవచ్చు, అయితే బొబ్బ పగిలి ఉంటే పెట్టొద్దు.

పద్రోన్‌ను మాత్రం తొందరగా దాటేయొద్దు. యాకోబు భౌతికకాయం తెచ్చిన పడవను కట్టారని చెప్పే రాయి ఊరి చర్చిలో బలిపీఠం కింద ఉంది. ఊరికి ఆ పేరు వచ్చింది ఆ రాయి నుంచే. చర్చి తెరిచే వేళ వసతి గృహంలో అడిగి, ఆ వేళకు వెళ్లండి. సాయంత్రం అక్కడి పచ్చిమిరపకాయలు నూనెలో వేయించి ఉప్పు చల్లి పెడతారు. మన నాలుకకు అవి కారమే అనిపించవు, ఎప్పుడో ఒకటి మాత్రం కారంగా తగులుతుంది.

బొబ్బలు

బొబ్బ వచ్చేది మూడు కలిసినప్పుడు: వేడి, తడి, రాపిడి. ఒక్కదాన్ని తీసేసినా రాదు. పొద్దున్నే మడమకు, వేళ్లకు వాజిలిన్ పల్చగా రాయండి. రెండు గంటలకోసారి ఆగి బూట్లు, సాక్సులు విప్పి పాదాలు ఆరనివ్వండి, తడిసిన సాక్సులు మార్చి బ్యాగుకు వేలాడదీయండి. ఎక్కడైనా వెచ్చగా గుచ్చుకుంటున్నట్టు అనిపిస్తే ఆ క్షణమే ఆగాలి, ఊరు వచ్చాక చూద్దాం అనొద్దు. ఇసుక రేణువు ఉంటే దులిపి, అక్కడ ప్లాస్టరు అంటించండి. బొబ్బ లేచాక సూదిలో దారం ఎక్కించి లోపల వదిలేయమని తోటి యాత్రికులు చెబుతారు. వినొద్దు, ఆ దారం వెంటే క్రిములు లోపలికి పోతాయి. చిన్నదైతే పగలగొట్టకుండా కొంపీద్ లాంటి జెల్ ప్లాస్టరు వేసి, దానంతటదే ఊడేదాకా పీకకండి, పీకితే చర్మం దానితో వచ్చేస్తుంది. చుట్టూ ఎర్రబడి వేడెక్కినా, చీము కనిపించినా ఆకుపచ్చ సిలువ గుర్తున్న మందుల షాపుకు వెళ్లండి. అత్యవసరానికి రెండు దేశాల్లోనూ నంబరు 112.

తిండి

శాకాహారులకు పోర్చుగల్ సూపులో మాంసం ముక్క ఒకటి తేలుతుంటుంది, "సెం కార్నె" (మాంసం లేకుండా) అని ముందే చెప్పండి. స్పెయిన్‌లో హోటళ్ల వంటిల్లు మధ్యాహ్నం నాలుగింటికి మూస్తే రాత్రి ఎనిమిదిన్నరకే తెరుస్తుంది. ఏడింటికి ఆకలేస్తే బ్రెడ్డు, గుడ్డు ఆమ్లెట్ తప్ప ఏమీ దొరకవు. గలీసియాలో ఆదివారం సూపర్ మార్కెట్లు మూసి ఉంటాయి కాబట్టి శనివారమే పండ్లు, పెరుగు కొనిపెట్టుకోండి. వంటగది ఉన్న వసతి గృహం దొరికితే బియ్యం, టమాటాలు కొనుక్కుని కందిపొడి బయటికి తీయండి. కుళాయి నీళ్లు తాగొచ్చు, "నావ్ పొతావెల్" (తాగడానికి పనికిరావు) అని రాసి ఉన్నవి తప్ప. వసతి, తిండి కలిపి రోజుకు 45 నుంచి 60 యూరోలు పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

శాంటియాగోలో

పద్రోన్ నుంచి 25 కిలోమీటర్లు, చివర్లో ఎక్కుడు. యాత్రికుల కార్యాలయం కర్రెతాస్ వీధి 33లో. ముందే ఆన్‌లైన్‌లో వివరాలు నింపి ఉంటే వరుస త్వరగా కదులుతుంది. ముద్రలు చూసి, యాత్ర పూర్తిచేసినట్టు తెలిపే కొంపొస్తెలా పత్రం లాటిన్‌లో రాసి ఇస్తారు, డబ్బు తీసుకోరు. ఎంత దూరం నడిచారో తెలిపే పత్రం కావాలంటే కొన్ని యూరోలు. భక్తి కోసమో ఆత్మశోధన కోసమో నడిచినవాళ్లకే కొంపొస్తెలా, మిగతావాళ్లకు వేరే పత్రం ఉంది.

ప్రధానాలయంలోకి బ్యాగు రానివ్వరు, ముందు సామాను గదిలో పెట్టిరండి. పన్నెండు గంటల పూజకు పదకొండుకే కూర్చుంటే చోటు ఉంటుంది. బోతాఫుమెయిరో అనే పెద్ద ధూపపాత్రను ఎనిమిది మంది తాళ్లు లాగి ఊపుతారు. అది ప్రతిరోజూ ఉండదు, దాని కోసమని రోజులు పెంచుకోవద్దు. పూజ అయ్యాక బలిపీఠం కింది మెట్లు దిగితే వెండి పెట్టెలో ఉన్న యాకోబు అవశేషాల ముందు మోకరించవచ్చు. చోటు ఇరుకు, వరుస కదులుతూ ఉంటుంది. ఎవరెవరి కోసం ప్రార్థించాలో పేర్లు ఒక చీటీ మీద రాసుకుని వెళ్లండి, అక్కడ నిలబడ్డాక గుర్తుకురావు. రద్దీ తగ్గే సాయంత్రం మళ్లీ ఒకసారి వెళ్తే నిదానంగా నిలబడొచ్చు.

తిరుగు విమానం పోర్తో నుంచైతే బస్సు మూడు నాలుగు గంటలు. బస్సు బయల్దేరే వేళ స్పెయిన్ సమయం, చేరే వేళ పోర్చుగల్ సమయం. సరిహద్దు దాటాక గడియారం గంట వెనక్కి తిప్పుకోండి.